రాజు నడుము

కర్నూల్ల వేషాల దుకాణపాయన
నడికట్టొక్కటే రాత్రికి మూడొందలన్నడు.
తిత్తికి యాభై ఏరే.
చినిగితే దండుగ మళ్ల.
"మూడొందలకు మా ఊర్ల రాజ్యమే వస్తది" అని
ఫోను పెట్టేసింది అమ్మ.

ఆత్మకూరు రైసుమిల్లు ఎనక
తెగిన పట్టా ఒకటి పడి ఉంటది, ముసలి పామోలె.
ఉశన్న సేటునడిగి రెండు మూరలు కోసుకొచ్చింది.
తవుడు వాసన పోవాలని
బూడిదేసి రుద్దింది, దడి మీద ఎండేసింది.
పోలే.
పోకుంటే పాయె,
రాజుగారి గాదెల వడ్లుండవా ఏంది?

అమ్మ పెండ్లి నాటి గద్వాల చీర
ఒళ్లంత పిగిలింది గని
అంచు ఇంకా మొండిగనే ఉంది.
ఆ అంచు కోసి పట్టా మీద కుట్టబోతే
సూది ఇరిగింది.
రెండోది కూడ ఇరిగింది.
చెప్పులు కుట్టే బాలమొగులయ్య తాతనడిగి
ఆరె తెచ్చుకుంది, రెండు దినాల మాట మీద.
పొడిచినప్పుడల్లా
పెదవి పండ్ల కింద పెట్టుకునేది,
తోలు తనదే అన్నట్టు.

నడుమ బిల్లకు నూనె డబ్బా.
గుండ్రంగ కత్తిరించి రోకలితోని తడితే
ముందర తామరపువ్వు తేలింది.
ఎనకకు తిప్పితే మాత్రం
పొద్దుతిరుగుడు పువ్వు, కిందనే సగం ధర.

రాళ్లెక్కడివి మరి?
అవ్వ మింగిన బీపీ గోలీల పట్టీలున్నయి గద.
ఖాళీ బుడగల్ల ఎర్ర గోళ్లరంగు పోసి
ఆరినంక ఒక్కొక్కటి కత్తిరించి అతికించింది.
పదిహేను గోలీలు, పదిహేను కెంపులు.
"నా రోగమంత తీస్కపోయి
వాని నడుముకు కట్టినవ్ గదనే"
అని అవ్వ నవ్వి నవ్వి దగ్గింది.

తిత్తి నా పని.
దర్జీ కాళ్ల కింద ఊడ్చిన మఖమల్ ముక్కలు,
లంగా బొందు.
లోపల చింతగింజలేసి ఊపితే
గరగరమన్నది.
"అచ్చనగాయల చప్పుడు, పైసలది కాదు" అన్నది అమ్మ
ఎనకకు తిరగకుండనే.
బస్టాండు కాడ సోడామూతలు ఏరుకొచ్చి
రాయితోని సాగగొట్టి ఏసిన.
అప్పుడు తిరిగింది ఇటుదిక్కు.

దారం పది, గోళ్లరంగు ఇరవై, జిగురు పదిహేను.
సూదులు ఆమె లెక్కల ఎయ్యలే.

ఆటకు ఒక్క దినం ముందు
బొంబాయి బస్సు దిగిండు నాయిన.
నిరుడు ఆయన నడుము కొలిచిన దారం
అమ్మ పోపుల డబ్బల దాచుంచింది, ముడితోని.
ఆ ముడికే బొక్క పొడిచింది.
కట్టి చూస్తే
నడికట్టు జారి తొడల మీద కూసున్నది.
నాలుగేళ్లు దూరినయి సందుల.

"తిండి సరిగ లేదా ఆడ?"
"రాజుకు కడుపు లోపలికుండాలె" అన్నడు నాయిన
దీపం దిక్కు చూసుకుంట.

అమ్మ ఇంకేమడగలే.
ఆరె తీసుకొని కొత్త బొక్క పొడిచింది.
అదీ వదులే అయింది.
పాత దుప్పటి చింపి నాలుగు మడతలేసి
అంగీ కింద చుట్టింది,
రాజుకింత పొట్ట రావాలని.
నిరుటి బొక్క మూస్తదేమో అనుకున్న,
బిల్ల కింద కనబడకుండ
అట్లనే ఉంచింది.

రాత్రి రెండింటికి
రాజు తిత్తి తీసి దూత మీదికి ఇసిరితే
సోడామూతలు మైకుల గల్లుమన్నయి.
ముందు వరస పిల్లలు లేచి నిలబడ్డరు.
మా ఎనక కూసున్నామె
అమ్మ భుజం తట్టి అడిగింది:
"వడ్డాణం కర్నూలుదా?"
"ఆ... రాత్రికి మూడొందలు" అన్నది అమ్మ
చీకట్ల మెడ నిటారుగ పెట్టి.

తెల్లారగట్ల ఇంటికొచ్చి ఇప్పితే
దుప్పటి మడతలు ముద్దగ తడిసి
రాజు పొట్ట గడప మీద జారి పడ్డది.
రెండు కెంపులు ఊడినయి.
తవుడు వాసన, చెమట.
నాయిన రంగు కడుక్కోకుండనే నిద్రపోయిండు.

అమ్మ ఆరెకు నూనె రాసి
గుడ్డల చుట్టింది,
బాలమొగులయ్య తాత దుకాణం తీసే యాళ్లయిందని.